మొక్క పక్కన కుండ పాతడం ఎలా?

ఈ సాయంత్రం మొక్కలకు నీళ్లు పెట్టాక ఒక పని చేయండి. గంటసేపు ఆగి, వంగ మొక్కకు బెత్తెడు దూరంలో తొలికతో మట్టి కాస్త తవ్వి చూడండి. పైన ఒకటి రెండు అంగుళాలు నల్లగా తడిసి ఉంటుంది. దాని కింద చాలాసార్లు పొడి మట్టే కనిపిస్తుంది. వేళ్లలో ఎక్కువ భాగం ఉండేది ఆ పొడి మట్టిలోనే. పైనున్న తడి మర్నాడు పొద్దెక్కేసరికి ఎగిరిపోతుంది. మోటారు నడిపి, బకెట్లు మోసి తెచ్చిన నీళ్లను మొక్క కంటే ముందు ఎండ తాగేస్తోంది.

మాది అనంతపురం వైపు. ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియని వాన. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక పెరట్లో మిరప నారు సంగతి చెప్పేదేముంది! ఇలాంటి చోట పెరటి మొక్కలను కాపాడుకోవడానికి నేను చేసి చూసిన వాటిలో బాగా నమ్మింది ఒకటే. మట్టి కుండను గొంతు దాకా నేలలో పాతి, నిండా నీళ్లు పోసి, మూత పెట్టడం. నేల మీద తడి కనిపించదు. నీళ్లు కుండ గోడల్లోంచి ఊరుతూ నేరుగా వేళ్ల దగ్గరికి చేరతాయి. కరెంటు అక్కర్లేదు, ఫిల్టర్లు అక్కర్లేదు. అయితే పాతేటప్పుడు ఒకటి రెండు పొరపాట్లు జరిగాయంటే పడ్డ శ్రమంతా వృథా. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఈ పద్ధతికి రెండు వేల ఏళ్ల వయసుంది. చైనాలో క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఫాన్ షెంగ్‌జి అనే వ్యవసాయ నిపుణుడు దీన్ని కొలతలతో సహా రాసిపెట్టాడు. గుంత మధ్యలో మట్టి జాడీ, దాని మూతి నేలకు సమానంగా, చుట్టూ నాలుగు దోసజాతి గింజలు, పైన పెంకు మూత, నీళ్లు తగ్గినప్పుడల్లా మళ్లీ నిండా పోయడం. ఇప్పుడు మనం చేయబోయేదీ దాదాపు ఇదే. మన దేశంలో హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ 1970లలో కుండ సేద్యం మీద ప్రయోగాలు చేసింది. ఉప్పు నీళ్లతో కూడా కూరగాయలు పండించవచ్చా అని చూశారు. ఉప్పు నీళ్ల సంగతి కింద మళ్లీ వస్తుంది.

కుండ ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి

చలివేంద్రంలో కుండ చెమర్చడం మీరు చూసే ఉంటారు. కాల్చిన మట్టి గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలోంచి నీళ్లు బయటికొచ్చి గాలికి ఆరిపోతుంటాయి, అందుకే లోపలి నీళ్లు చల్లబడతాయి. అదే కుండను నేలలో పాతితే గాలి బదులు మట్టి తగులుతుంది. పొడి మట్టి నీళ్లను తన వైపు లాక్కుంటుంది, సుద్దముక్క సిరాను పీల్చినట్టు. చుట్టూ మట్టి తడిసేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది, ఊట నెమ్మదిస్తుంది. మొక్క వేళ్లు ఆ తడిని తాగేస్తే మట్టి మళ్లీ పొడిబారి కుండను లాగుతుంది. ఎండ ముదిరిన రోజు ఎక్కువ, మబ్బు పట్టిన రోజు తక్కువ. గట్టి వాన పడిందంటే నాలుగు రోజులైనా కుండలో నీళ్లు పెద్దగా కదలవు. ఎంత నీరు కావాలో మొక్కా మట్టీ తేల్చుకుంటాయి, మన అంచనాతో పనిలేదు.

దీన్నిబట్టి ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కుండ గోడకూ మట్టికీ మధ్య సందు ఉండకూడదు. సందులో గాలి ఉంటే మట్టి నీళ్లను లాగలేదు. నేను మొదటిసారి పాతిన ఆరు కుండల్లో నాలుగు పనిచేయకపోవడానికి కారణం ఇదే. గడ్డలు గడ్డలుగా ఉన్న మట్టిని అలాగే తోసేసి, కాలితో తొక్కి వదిలేశాను. వారమైనా కుండలో నీళ్లు తగ్గలేదు, పక్కనే టమాటా నారు తల వాల్చేసింది. నీళ్లు తగ్గడం లేదంటే మొక్కకు చాలినంత అందుతున్నాయేమో అనుకున్నాను. ఆ నారు మళ్లీ కోలుకోలేదు.

కుండ ఎంచుకోవడం

సంతలో కుండలు అమ్మేవాళ్లు మొదట అడిగే మాట, నీళ్లకా, పొయ్యి మీదికా అని. నీళ్లకే అని చెప్పండి. నీళ్ల కుండను బాగా చెమర్చేలా చేస్తారు. మీ ఊళ్లో కుమ్మరి సారె ఇంకా తిరుగుతుంటే అదృష్టం. మొక్కల పక్కన పాతడానికని చెప్పి, గుండ్రటి పొట్ట, సన్నని మూతి ఉండేలా, ఇసుక పాలు పెంచి చేయించుకోవచ్చు. పొట్ట పెద్దదైతే మట్టిని తాకే గోడ ఎక్కువ. మూతి సన్ననిదైతే ఆవిరి తక్కువ, మూత పెట్టడం తేలిక.

రంగులు వేసినవీ, వార్నిష్ పూసినవీ, నున్నగా మెరిసే పింగాణీ పూతవీ ఎంత అందంగా ఉన్నా వద్దు. పూత రంధ్రాలను మూసేస్తుంది. కొనేముందే చిన్న పరీక్ష చేయండి. వేలు తడిపి కుండ బయటి గోడ మీద ఒక చుక్క పెట్టండి. గోడ వెంటనే పీల్చుకుని అక్కడ ముదురు రంగు మచ్చ తేలితే మంచి కుండ. చుక్క ముత్యంలా నిలబడినా, జారిపోయినా పక్కన పెట్టేయండి. తర్వాత వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని మోగితే గోడ గట్టిగా ఉన్నట్టు. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే.

పరిమాణం సంగతికొస్తే, పెరటి కూరగాయలకు ఐదు నుంచి ఏడు లీటర్ల కుండ చాలు. పండ్ల మొక్కలకు పది లీటర్లు పట్టే కడవలు కావాలి. మిద్దె మీద తొట్లలోకి లీటరు, రెండు లీటర్ల ముంతలు సరిపోతాయి. మరీ చిన్నవి కొంటే రోజూ నింపాల్సి వస్తుంది, అప్పుడు ఈ పద్ధతి వల్ల వచ్చే సుఖం సగం పోయినట్టే.

పోయిన వేసవిలో తాగునీటికి వాడి, ఇప్పుడు నీళ్లు చల్లబడటం లేదని మూలన పడేసిన కుండ మీ ఇంట్లో ఉంటే పారేయకండి. చల్లబడకపోవడానికి కారణం రంధ్రాలు పూడుకుపోవడమే. దాన్ని బాగు చేసే విధానం చివర్లో చెబుతాను. కుండలు అసలు దొరకని నగరంలో ఉన్నారా? నర్సరీలో అమ్మే రంగు వేయని మట్టి పూలతొట్టి తీసుకోండి. అడుగు రంధ్రాన్ని సిమెంటు ముద్దతోనో ఎం-సీల్‌తోనో బాగా మూసి, రెండు రోజులు ఆరనివ్వండి. తొట్టి కింద పెట్టే మట్టి పళ్లెమే దానికి మూత. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇవి ఓయా అనే పేరుతో దొరుకుతాయి. అక్కడ ఒక జాగ్రత్త అవసరం. నేల గడ్డకట్టేంత చలి వచ్చే ఊళ్లలో చలికాలానికి ముందే కుండ తవ్వి తీసి, ఆరబెట్టి లోపల దాచుకోవాలి. కుండలోనూ దాని గోడల్లోనూ ఉన్న నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే కుండ పగిలిపోతుంది.

ఇంటికి తెచ్చాక, పాతే ముందు, నిండా నీళ్లు పోసి నీడలో పొడి నేల మీద ఒక పగలూ రాత్రీ ఉంచండి. గోడ అంతా సమానంగా చెమర్చాలి, నీళ్లు కాస్త దిగాలి. ఒకే చోట ధారలా కారితే అక్కడ బీట ఉంది. అసలు చెమర్చకపోతే ఆ కుండ దీనికి పనికిరాదు, తాగే నీళ్లూ అందులో చల్లబడవు. ఈ ఒక్క రోజు ఆగలేక పాతేస్తే తర్వాత తవ్వి తీయాల్సి వస్తుంది, అప్పటికి మొక్క వేళ్లు కుండను చుట్టుకుని ఉంటాయి.

ఒక చిన్న మెరుగు కూడా ఉంది. నేలకు పైన కనిపించే మెడ భాగానికి మాత్రం తెల్ల ఆయిల్ పెయింట్ వేయండి. అక్కడి నుంచి ఊరే నీళ్లు మొక్కకు చేరవు, ఎండకు పోతాయి. తెల్ల రంగు వేడినీ ఆపుతుంది. పొట్టకు మాత్రం ఒక్క చుక్క తగలనివ్వకండి.

గొయ్యి తీయడం, పూడ్చడం

తొలకరి వానకు నేల మెత్తబడినప్పుడు ఈ పని తేలిక. వేసవిలో చేయాల్సి వస్తే ముందురోజు సాయంత్రం ఆ చోట రెండు బిందెలు నీళ్లు పోసి ఉంచండి.

కుండ పొట్ట వెడల్పుకు మూడింతలు వెడల్పుగా, కుండ ఎత్తు కంటే బెత్తెడు లోతుగా గొయ్యి తీయండి. తీసిన మట్టిలోంచి రాళ్లు, గడ్డలు, వేరు ముక్కలు ఏరేయండి. గడ్డలను చిదిపి, జల్లెడ పట్టిన మట్టిలా చేయండి. ఇందులో బద్ధకం వద్దు. ఆ మట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు, వేడికి లేత వేళ్లు మాడిపోతాయి.

గొయ్యి అడుగున ఆ మట్టి పరిచి సర్దండి. కుండ పెట్టి, మూతి నేలకంటే రెండంగుళాలు పైకి ఉండేలా చూసుకోండి. మూతి నేలతో సమంగా ఉంటే వానకు బురద లోపలికి కొట్టుకొస్తుంది. ఇప్పుడు కుండను సగం నీళ్లతో నింపండి. బరువుకు కుండ కదలకుండా కూర్చుంటుంది, మట్టి దిమ్మిసేటప్పుడు గోడ మీద ఒత్తిడినీ లోపలి నీరు కొంత కాస్తుంది.

తర్వాతి అడుగే అన్నిటికన్నా ముఖ్యం. కలిపిన మట్టిలో రెండు మూడు తట్టలు వేరుగా తీసి, నీళ్లు పోసి, ఇడ్లీ పిండి కంటే కాస్త గట్టిగా కలపండి. ఆ ముద్దను కుండ పొట్ట చుట్టూ అంగుళం మందాన చేత్తో మెత్తండి, గోడకు పూత పూసినట్టు. దాని వెనక పొడి మట్టిని జానెడు ఎత్తు చొప్పున వేస్తూ, ప్రతి పొరకూ కాస్త నీళ్లు చల్లి, కర్రతో మెల్లగా దిమ్మిసుకుంటూ రండి. కుండ భుజాల దాకా వచ్చాక ఆపి, కుండను నిండా నింపి, మర్నాటి దాకా వదిలేయండి. మట్టి కుంగిన చోట మళ్లీ నింపండి. నేను ఎన్నో కుండలు పాతాను. ఈ బురద పూత మొదలుపెట్టాక సందు వల్ల పనిచేయని కుండ మళ్లీ నాకు కనిపించలేదు.

నేలను బట్టి చిన్న మార్పులు చేసుకోవాలి. ఎర్ర నేలల్లో పైన చెప్పింది చెప్పినట్టు నడుస్తుంది. ఇసుక నేలల్లో నీళ్లు పక్కలకు పాకకుండా కిందికి దిగిపోతాయి కాబట్టి పూడ్చే మట్టిలో చెరువు మట్టి కలపండి, ఎరువు పాలు కూడా పెంచండి. నల్లరేగడిలో చిక్కు వేరే. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఉబ్బినప్పుడు కుండను నొక్కి పగలగొట్టవచ్చు, నెర్రె వచ్చినప్పుడు గోడ దగ్గర సందు పడుతుంది. అక్కడ గొయ్యి ఇంకా వెడల్పు తీసి, కుండ చుట్టూ బెత్తెడు మందాన ఎర్రమట్టీ ఎరువూ కలిపిన మట్టినే నింపాలి.

మొక్కలు ఎక్కడ, ఎన్ని

ఐదు లీటర్ల కుండ చుట్టూ తడి పాకేది గోడ నుంచి జానెడు మేర అని లెక్క పెట్టుకోండి. బరువైన నేలల్లో మూరెడు దాకా పోతుంది, ఇసుకలో జానెడు కూడా రాదు. కాబట్టి కూరగాయ మొక్కలను గోడకు బెత్తెడు నుంచి జానెడు లోపే నాటాలి. రెండు కుండల మధ్య రెండు మూరలు ఎడం చాలు.

సొర, కాకర, బీర, దోస, గుమ్మడి లాంటి తీగలకు ఈ పద్ధతి ప్రత్యేకంగా నప్పుతుంది. వేళ్లు ఒక చోట ఉంటాయి, తీగ పది అడుగులు పాకుతుంది. కుండకు మూడు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచండి. టమాటా, వంగ అయితే కుండ చుట్టూ మూడు లేదా నాలుగు. మిరప ఐదారు. పాదుల మధ్య మిగిలిన చోట కొత్తిమీర, మెంతి చల్లుకోవచ్చు. మడి నిండా చల్లే తోటకూర, పాలకూరలకు మాత్రం ఇది అంత కుదరదు. కుండ చుట్టూ వలయంగా చల్లితే వస్తాయి, మడి మొత్తానికి తడి అందదు. అరటి లాంటి నీళ్లబోతులకు ఒక కుండ ఏ మూలకూ చాలదు.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. కుండ నిండా నీళ్లున్నాయి కదా అని నాటిన రోజు నుంచే పై నీళ్లు మానేస్తారు. లేత నారు వేళ్లు ఇంకా కుండ తడిని చేరలేదు. గింజ మొలవాలన్నా పై మట్టి తడిగా ఉండాలి. మొదటి రెండు మూడు వారాలు పైన కూడా కొద్దికొద్దిగా పోస్తూ, రోజు విడిచి రోజుకు, తర్వాత మూడు రోజులకోసారికి తగ్గించుకుంటూ రండి. వేళ్లు తడి ఉన్న వైపుకు పాకుతాయి. కొత్త ఆకులు నిలబడి, మధ్యాహ్నం ఎండలో కూడా తల వాల్చకుండా ఉంటే కుండ అందుకున్నట్టే. అప్పుడు పై నీళ్లు ఆపేయండి.

కుండ చుట్టూ నేల మీద ఏదైనా కప్పండి. మా వైపు వేరుశనగ పొట్టు తేలికగా దొరుకుతుంది, రెండంగుళాల మందాన పరుస్తాం. ఎండు ఆకులు, కొబ్బరి పీచు, చెరకు పిప్పి, ఏది దొరికితే అది. చెదలు ఉన్న చోట మొక్క మొదలుకు తగలకుండా నాలుగు వేళ్ల దూరం వదలండి.

నింపడం

కుండ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా చూడకండి. సగానికి దిగగానే నింపేయండి. నీళ్లు దిగిన మేర గోడ ఎండిపోయి, నీళ్లలోని సున్నం, ఉప్పు ఆ రంధ్రాల్లోనే పేరుకుంటాయి. పైగా కుండ నిండా ఉన్నప్పుడు నీళ్ల బరువు కూడా ఊటకు తోడవుతుంది.

ఎన్ని రోజులకోసారి అన్నది మీ నేల, మీ మొక్కలు చెప్పాలి. మొదటి రెండు వారాలు ఒక ఎండు పుల్లను కుండలో నిలువుగా ముంచి, తడి ఎంత మేర ఉందో రోజూ చూసి రాసుకోండి. నిండు వేసవిలో, కాపు మీదున్న టమాటా చుట్టూ ఉన్న కుండ రెండో రోజుకే సగానికి రావచ్చు. చలికాలంలో అదే కుండ వారం ఆగవచ్చు. లెక్క వేసుకుందాం. పెరట్లో ఐదు లీటర్ల కుండలు పన్నెండు ఉన్నాయి, రెండు రోజులకోసారి సగం నింపుతున్నారు. అంటే ఒక్కో దానికి రెండున్నర లీటర్లు, మొత్తం ముప్పై లీటర్లు. రోజుకు పదిహేను లీటర్లతో సుమారు నలభై టమాటా మొక్కలు బతుకుతున్నాయన్నమాట. గొట్టం పట్టుకుని నిలబడితే ఆ పదిహేను లీటర్లు ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతాయి.

నీళ్లు తగ్గడం లేదా? వాన పడి ఉంటే కంగారు లేదు. వాన లేకుండానే తగ్గకపోతే గోడ దగ్గర వేలు గుచ్చి చూడండి. మట్టి పొడిగా ఉంటే సందు పడింది లేదా రంధ్రాలు మూసుకుపోయాయి. చుట్టూ కర్రతో గుచ్చి, పలుచని బురద నీళ్లు పోసి మళ్లీ దిమ్మిసండి. అప్పటికీ కదలకపోతే తీసి కడగాల్సిందే. ఒక్క రోజులోనే ఖాళీ అవుతుంటే బీట పడి ఉండాలి. పందికొక్కులు తడి మట్టిని వెతుక్కుంటూ వచ్చి కుండ పక్కన బొరియలు పెట్టే అలవాటు కూడా ఉంది, అదీ చూసుకోండి.

ఏ నీళ్లు పోయాలి, ఏవి పోయకూడదు

వాన నీళ్లకు మించినవి లేవు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు కూడా మంచివే, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు మాత్రం వద్దు. శుద్ధి చేసిన నీటిలోంచి తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. అవి ఇంట్లో గచ్చు కడగడానికి వాడుకోండి.

బియ్యం కడిగిన కుడితి, పప్పు కడిగిన నీళ్లు మొక్కలకు మంచివని తెలిసిందే, కానీ వాటిని కుండలో పోయకండి. గంజి పదార్థం గోడ లోపల జిగురులా పట్టి రంధ్రాలను మూసేస్తుంది, వాసన కూడా వస్తుంది. జీవామృతం, పంచగవ్యం లాంటి ద్రవ ఎరువులు, నానబెట్టిన వేపపిండి నీళ్లు కూడా అంతే. వీటన్నిటినీ నేల మీద, పరిచిన పొట్టు కింద పోయండి. కుండలో తేట నీళ్లే పోయాలి.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్ల వాళ్లకు ఈ పద్ధతి ప్రత్యేకంగా ఉపయోగం. పై నుంచి పెట్టిన నీళ్లు ఎండినప్పుడల్లా వేళ్ల దగ్గర ఉప్పు చిక్కబడుతుంది. కుండ దగ్గర మట్టి ఎప్పుడూ ఒకే తడితో ఉంటుంది కాబట్టి ఉప్పు బయటికి, తడి ఆగిపోయే అంచుకూ నేల పైకీ జరిగిపోతుంది. అక్కడ తెల్లటి పొక్కులా తేలుతుంది. ఆ పొక్కును గీరి పారేయండి. గట్టి వాన కురిసినప్పుడు మిగిలింది కిందికి కడుక్కుపోతుంది. కుండకు సున్నం పట్టడం మాత్రం ఇలాంటి నీళ్లతో త్వరగా జరుగుతుంది.

మూత సంగతి తేలిగ్గా తీసుకోవద్దు

మూత లేని కుండ దోమలకు పుట్టిల్లు. డెంగీని మోసే దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు, దానికి కావలసింది ఇలాంటి నీడలోని తేట నీళ్లే. ఊళ్లలో శుక్రవారం డ్రై డే అని చెప్పి ఖాళీ చేయించేది ఇలాంటి నీళ్లనే. పాతిన కుండను బోర్లించలేం కాబట్టి మూత బిగుతుగా ఉండాలి. ముందు మూతికి పాత నూలుగుడ్డ గట్టిగా కట్టి, దాని మీద మూకుడు బోర్లించి, పైన ఒక రాయి పెట్టండి. నింపేటప్పుడు గుడ్డ తీయకుండానే పోయవచ్చు, చెత్త కూడా వడకట్టబడుతుంది. తేనెటీగలు, తొండలు, ఉడతలు దప్పికకు వచ్చి మూత లేని కుండలో పడి చచ్చిపోతుంటాయి. వాటికోసం పక్కన వెడల్పాటి చిప్పలో రాళ్లు వేసి నీళ్లు పెట్టండి, రోజూ మార్చండి.

మిద్దె తోటలో

పద్ధతి ఇదే, కొలతలే చిన్నవి. అడుగున్నర వెడల్పు తొట్టి మధ్యలో లీటరు ముంత, పెద్ద డ్రమ్ముల్లో రెండు ముంతలు. తొట్టిలో మట్టి కుంగడం ఎక్కువ కాబట్టి నెలకోసారి ముంత చుట్టూ మట్టి సర్దండి. సెలవులకు ఊరెళ్లేవాళ్లు ఈ ముంతలను నమ్ముకుని వారం రోజులు పోవద్దు. నిండు వేసవిలో లీటరు ముంత రెండు రోజులకంటే ఆగదు. పక్కింటి వాళ్లకు చెప్పి వెళ్లండి.

పండ్ల మొక్కలకు

నాటిన మొదటి రెండు వేసవులు దాటితే మామిడి, సపోటా, జామ మొక్కలు చాలావరకు నిలబడతాయి. చచ్చేది ఆ రెండు వేసవుల్లోనే. కరువు ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చీనీ (బత్తాయి) తోటలు బతికించుకోవడం మా జిల్లా రైతులకు తెలిసిన కష్టం. ఆ నీళ్లు నేల మీద పారిస్తే ఎంత పోతుందో, కడవల్లో పోస్తే ఎంత మిగులుతుందో ఆలోచించండి. పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు నలభై మామిడి మొక్కలు పడతాయి. మొక్కకు రెండు కడవల చొప్పున ఎనభై. ఒక్కోటి పది లీటర్లు. అన్నీ ఖాళీ అయినా ఎనిమిది వందల లీటర్లతో ఎకరం మొత్తం నిండుతుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఆరుసార్లు నింపడానికి సరిపోతుంది.

కడవలను మొక్క మొదలుకు అటూ ఇటూ జానెడు నుంచి అడుగు దూరంలో, మొక్క నాటే రోజే పాతాలి. ఎదిగిన మొక్క పక్కన తవ్వితే వేళ్లు తెగుతాయి. మిగతాదంతా పైన చెప్పిన పద్ధతే, బురద పూత సహా.

పంట పొలం సంగతి వేరు. ఎకరం మిరపకో, చెరకుకో కుండలు పాతడం అయ్యే పని కాదు. అక్కడ నేలలోపల చుక్కలుగా నీళ్లు వదిలే డ్రిప్పు పైపులు వేసే పద్ధతి ఉంది. సూత్రం ఒకటే, పై మట్టి తడవకుండా వేరుకు నీళ్లు ఇవ్వడం. కానీ దానికి మంచి ఫిల్టరు తప్పనిసరి. వేళ్లు డ్రిప్పర్ల లోపలికి దూరడం, ఎలుకలు పైపులు కొరకడం లాంటివి జరిగినా పైకి కనిపించవు. డ్రిప్పులో అనుభవం ఉన్నవాళ్లే దాని జోలికి వెళ్లాలని నా అభిప్రాయం.

కుండ కడగడం, చోటు మార్చడం

కూరగాయల కుండను ఏడాదికోసారి, పంట అయిపోయాక, బయటికి తీయండి. చుట్టూ మట్టి నానబెట్టి మెల్లగా తవ్వితే పగలకుండా వస్తుంది. పట్టుకుని లాగితే మూతి చేతికొస్తుంది. కొబ్బరి పీచుతో లోపలా బయటా రుద్దండి. సబ్బు వద్దు, రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. తెల్లటి సున్నం పట్టి ఉంటే సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి రాత్రంతా నానబెట్టి, మర్నాడు రుద్ది, రెండుసార్లు తేట నీళ్లు పోసి పారబోయండి. నాలుగు రోజులు ఎండలో పూర్తిగా ఆరాక మళ్లీ చుక్క పరీక్ష చేయండి. మూలన పడ్డ పాత తాగునీటి కుండలకూ ఇదే వైద్యం. చుక్క పీల్చుకుంటే మళ్లీ పాతవచ్చు. పీల్చుకోకపోతే పగలగొట్టి, ఆ పెంకులను పూలతొట్ల అడుగు రంధ్రాల మీద పరచండి.

పండ్ల మొక్కల దగ్గర మాత్రం రెండు వేసవులు దాటేదాకా కడవను కదపకండి. ఆ తర్వాత వేళ్లు దూరం పాకి ఉంటాయి, మొదలు దగ్గరి తడితో వాటికి పెద్ద పని ఉండదు. మూడో ఏడు తొలకరికి, నేల మెత్తగా ఉన్నప్పుడు, కడవ చుట్టూ తవ్వండి. సన్నని వేళ్లు గోడను వలలా అల్లుకుని ఉంటాయి. వాటిని కత్తితో నెమ్మదిగా కోసి, కడవ పైకి తీసి, ఆ గోతిని ఎరువుతో నింపేయండి. కడిగి ఆరబెట్టిన కడవను ఆ ఏడు కొత్తగా నాటే మొక్క పక్కన పాతుకోండి.